ఇరవై ఒకటో పేజీలో పసుపు చుక్క

గ్రంథాలయంలో ఉద్యోగం చేసినవాళ్ళ గురించి రెండు కథలు ప్రచారంలో ఉన్నాయి. మొదటిది మా చుట్టాలు చెప్పేది: "దానికేం, ఫ్యాను కింద కూర్చుని నవలలు చదువుకుంటే నెల నెలా జీతమిచ్చారు." రెండోది నా వీడ్కోలు సభలో విన్నది. ఒక పెద్దమనిషి నాకు శాలువా కప్పి, మైకు పట్టుకుని, నేను ఈ ప్రాంత ప్రజల్లో విజ్ఞాన తృష్ణ రగిలించానన్నాడు. ఆయన మా గ్రంథాలయానికి పేపరు కోసం తప్ప ఎన్నడూ రాలేదు. అదీ పక్కవాళ్ళ చేతుల్లోంచి మధ్య పేజీ లాక్కోవడానికి.

రెండూ అబద్ధాలే. నేను ఎవరిలోనూ ఏ తృష్ణా రగిలించలేదు. ఉద్యోగం పొడవునా నా చేతుల మీదుగా బయటికి వెళ్ళిన పుస్తకాల్లో చరిత్ర, వేదాంతం కలిపి ఒక బీరువాకు సరిపోతాయి. మిగిలినవన్నీ పండగ నవలలు. వాటిని నేను చదివిన మాటా నిజమే, కానీ హాయిగా ఎప్పుడూ చదవలేదు. ఉద్యోగంలో భాగంగా, చాలాసార్లు పళ్ళు నూరుకుంటూ చదివాను.

మెడనొప్పి వల్ల కాస్త ముందుగానే విరమించుకున్నాను. నోటి వల్ల అని మా సిబ్బందిలో కొందరంటారు, అననివ్వండి. గ్రంథాలయ శాస్త్రం చదివి కొత్తగా ఈ పనిలోకి వస్తున్న పిల్లలకి క్లాసులో చెప్పనిది ఒకటుంది. అది చెప్పడానికే ఇది రాస్తున్నాను. పుస్తకాలకి నంబర్లు ఎలా వెయ్యాలో మీకు నాకంటే బాగా తెలుసు, ఆ సంగతి నాకొద్దు.

పండగ నవల

దీపావళికో ఉగాదికో మాసపత్రికలు ప్రత్యేక సంచిక వేసేవి. దాని మధ్యలో ఒక చిన్న నవల కుట్టి ఇచ్చేవారు, అనుబంధ నవల అని. నాయిక పట్నంలో ఉద్యోగం చేస్తుంది. పండక్కి మేనత్త ఊరికి వస్తుంది. పక్కింట్లో ఒక పొగరుబోతు దిగుతాడు. కాకరపువ్వొత్తి వెలుగులో ఒకరి మొహం ఒకరు చూసుకుంటారు. మధ్యలో ఒక అపార్థం, చివర్లో ఒక పెళ్ళి. పండగ మారితే కాకరపువ్వొత్తి బదులు ముగ్గు, ముగ్గు బదులు క్రిస్మస్ నక్షత్రం. సెలవుల్లో అరకు వెళ్ళే నవలలదీ ఇదే తంతు, మంచు మాత్రం అదనం.

మాకు దగ్గర్లో వాడరేవు సముద్రతీరం ఉంది. సెలవొస్తే గుంటూరు, చీరాల జనమంతా అక్కడే ఉంటారు. అయినా ఒక్క రచయిత కూడా తన నాయికను అక్కడికి పంపలేదు. ఎండు చేపల వాసనలో ప్రేమ పుట్టదని వాళ్ళ నమ్మకం కాబోలు. మా పెద్దమ్మ కూతురు ఆ ఒడ్డునే ఒకతన్ని చూసి చేసుకుంది. ఇప్పటికీ కాపురం చేస్తోంది, పోట్లాడుతోంది కూడా.

ఇంకో సంగతి. నేను చదివిన పండగ నవలల్లో ఒక్కదాంట్లోనూ నాయిక గారెలపిండి రుబ్బలేదు. వంటింట్లోంచి ఘుమఘుమలు వస్తాయి. ఎవరు వండుతున్నారో రచయితకు తెలీదు. మా పాఠకులందరూ ఆ వండేవాళ్ళే! అందుకే పండగ నవల పండగనాడు ఎవరూ చదవరు. అది రాసేవాళ్ళకి తెలీదు, మాకు తెలుసు. పండగ ముందు రోజు గ్రంథాలయంలో ఈగలు తోలుకుంటాం. పండగ వెళ్ళిన మూడో రోజున ఆడవాళ్ళు వరస కడతారు. ఇక అసలు గిరాకీ మిరపకాయ కల్లాలకొచ్చాక, ఎండాకాలంలో. కాయ తొడిమలు తీసేటప్పుడు పదిమంది కూర్చుంటే ఒకరు పైకి చదువుతారు. దీపావళి నవల ఏప్రిల్లో, నెత్తిన కొంగు, ముక్కుకు గుడ్డ కట్టుకుని. నాయకుడు నాయిక చెయ్యి పట్టుకునే చోట చదివే మనిషి తుమ్ముతుంది. ఆ ఘాటుకి అందరూ తుమ్ముతారు. మళ్ళీ ఆ వాక్యం మొదట్నించీ చదవాలి.

నవల ఎలా ఉంటుందన్నది ఆ మనుషులకి ముఖ్యం కాదని నేను చాలాకాలం అనుకున్నాను. అదీ తప్పే.

విశ్వనాథంగారు అడిగిన ప్రశ్న

నా మొదటి పోస్టింగు పొదిలి. ఎం.ఏ. తెలుగు చదివి, గ్రంథాలయ శాస్త్రం చదివి, తల ఎత్తుకుని వెళ్ళాను. అక్కడ పెద్ద లైబ్రేరియను విశ్వనాథంగారు. సన్నగా, ఎప్పుడూ చేతికి జిగురుతో ఉండేవారు. చిరిగిన పేజీ కనపడితే ఆయన ఆగలేరు.

ఒక దీపావళి వెళ్ళిన రెండో రోజు, కాంపౌండరుగారి భార్య వచ్చి నా బల్ల మీద పుస్తకం విసిరినంత పని చేసింది.

"ఏం పుస్తకమమ్మా ఇచ్చావ్! టపాకాయల కొట్టు అంటుకుని ఆ కుర్రోడు కాస్తా చచ్చిపోయాడు. మిగిలిన బూరెలు తింటా చదువుకుంటా నేను ఏడుస్తంటే, మా అత్త నన్నేదో అన్నదనుకుని మా ఆయన ఆవిడ మీదకెళ్ళాడు. ఇంటిల్లిపాదికీ మాటల్లేవు ఇప్పుడు!"

"దానికి నేనేం చేస్తానండీ, రాసినవాళ్ళని అడగండి," అన్నాను.

ఆవిడ వెళ్ళాక విశ్వనాథంగారు జిగురు డబ్బా మూత పెట్టి అడిగారు. "ఆ పుస్తకం నువ్వు చదివావా?"

"లేదండీ. అలాంటివి నేను చదవను."

"ఎందుకని?"

"ఎం.ఏ. చేశానండీ."

"ఆవిడ నీ ఎం.ఏ. అడగలేదమ్మా. కుర్రాడు బతికే పుస్తకం అడిగింది."

నాకు ఒళ్ళు మండింది. ఆ కోపంతోనే ఆ రోజు రెండు నవలలు ఇంటికి తీసుకెళ్ళాను. అప్పట్నించీ మా గ్రంథాలయంలోకొచ్చిన ప్రతి పండగ నవలా చదివాను, చివరి అధ్యాయం ముందుగా. ఒక నోటు పుస్తకంలో రాసుకునేదాన్ని: పెళ్ళవుతుంది, పెళ్ళవదు, ఎవరో చస్తారు, అత్తగారు మారుతుంది. సాహిత్య విమర్శలో ఇంతకంటే పనికొచ్చే వర్గీకరణ నేనింతవరకు చూడలేదు.

ఆ నవలలు మంచివని నేననను. నూటికి తొంభై చెత్త. కానీ ఆ చెత్తలో ఏది ఎవరికి ఇవ్వకూడదో తెలియడమే మన ఉద్యోగం. కొత్తగా భర్త పోయిన మనిషికి పెళ్ళి పందిట్లో ముగిసే పుస్తకం ఇవ్వకూడదనుకున్నాను ఒకసారి. ఆవిడ అదే కావాలని అడిగి తీసుకెళ్ళింది. కాబట్టి నా తెలివి కూడా అంతంత మాత్రమే.

గుర్తుల మీద నా యుద్ధం

తర్వాత గుంటూరు దగ్గర ఒక ఊరికి వచ్చాను. నల్లపాడులో ఇల్లు తీసుకుని రోజూ బస్సులో వెళ్ళొచ్చేదాన్ని. ఆ ఊరి పేరు రాయను. ఇకమీదట వచ్చే ఇద్దరి పేర్లు కూడా మార్చాను.

అనుబంధ నవలలు పలచగా ఉంటాయి. అలాగే పెడితే నెలకి చిరుగుతాయి. అందుకని మూడు నవలలు కలిపి బైండరు చేత కుట్టించి, దళసరి అట్ట వేయించేవాళ్ళం. రంగుల బొమ్మలు పోయేవి. బయట చూస్తే అన్నీ ఒకటే గోధుమరంగు బైండ్లు. లోపల చూసినా అన్నీ ఒకటే కథ. తను చదివిందో చదవందో పాఠకురాలికి ఎలా తెలియాలి? అందుకని వాళ్ళు గుర్తులు పెట్టుకునేవారు. ఒకావిడ తొమ్మిదో పేజీలో గోరుతో గీత. ఒకావిడ ముప్పయ్యో పేజీ అంచున చిన్న పెన్సిలు సున్నా. ఎవరి పేజీ వారిది, ఎవరి గుర్తు వారిది. పుస్తకం తియ్యగానే తన పేజీ చూసుకుని, గుర్తుంటే మళ్ళీ అరలో పెట్టేసి ఇంకోటి తీసేది.

నేను కొత్తలో దీన్ని నేరంగా చూశాను. గోడకి బోర్డు కట్టించాను: పుస్తకములపై గుర్తులు పెట్టువారి సభ్యత్వము రద్దు చేయబడును. రబ్బరు పట్టుకుని కూర్చుని మధ్యాహ్నాలు తుడిచేదాన్ని. పెన్సిలు పోయేది. ఇరవై ఒకటో పేజీలో ఒక పసుపు చుక్క ఉండేది చాలా బైండ్లలో, అది మాత్రం పోయేది కాదు. వంటింటి పసుపు. తుడిస్తే ఇంకాస్త పాకేది.

ఆ చుక్క ఎవరిదో కొన్నాళ్ళకి పట్టేశాను. పద్మావతిగారని, మిరప, పత్తి వేసే రైతు కుటుంబం. నాకంటే పదిహేనేళ్ళు పెద్దది. మంగళవారం వచ్చేది. వచ్చినప్పుడల్లా ఎప్పుడో చదివేసిన పాత బైండ్లు తీసి, కిటికీ దగ్గరికి తీసుకెళ్ళి, ఒక పేజీ ఎత్తి వెలుగుకి పట్టి చూసేది. చూపు ఆనడం లేదు కాబోలనుకున్నాను. కళ్ళద్దాలు మార్పించుకోండని సలహా కూడా ఇచ్చాను. "నా కళ్ళకేం, నీ కంటే బాగా అవుపిస్తది," అంది.

ఆ ఏడు తనిఖీ వస్తుందన్నారు. వచ్చే అధికారికి నవలలంటే గిట్టదు, పాత నవలలంటే అసలు గిట్టదు. ఆయనకి ఎదురు చెప్పాల్సింది. నోరున్న మనిషినే కదా. కానీ ఆ ఒక్కసారి ఆయన మెప్పు కావాలనిపించింది. బాగా నలిగినవీ, మరకలున్నవీ, చుక్కలున్నవీ ఏరి, పనికిరానివని జాబితా రాసి, గోనెసంచుల్లో కట్టి, పాత పుస్తకాలు పోగేసే గుంటూరు స్టోరుకి పంపించేశాను. తనిఖీ రోజున అరలు అద్దాల్లా ఉన్నాయి. ఆయన మెచ్చుకున్నాడు. ఎక్కువగా నలిగిన పుస్తకం ఎక్కువగా చదివిన పుస్తకమని మాత్రం ఆయనకీ తట్టలేదు, నాకూ తట్టలేదు.

బెంచీ మీద

తనిఖీ తర్వాత మంగళవారం పద్మావతిగారు వచ్చి అరల ముందు రెండుసార్లు అటూ ఇటూ తిరిగింది.

"ఏమ్మాయ్, ఇక్కడ ఉండాల్సిన బైండ్లేవి?"

"పాతవైపోయాయండీ, తీసేశాం. కొత్తవి వచ్చాయి చూడండి, ఉగాదివి."

"అన్నీనా?"

"చుక్కలు పెట్టి మీరే పాడుచేశారుగా," అన్నాను. నా నోరు అలాంటిది.

ఆవిడ తిరిగి కసురుతుందనుకున్నాను. కసరలేదు. పేపర్లు చదివే బెంచీ మీద కూర్చుంది. కాసేపటికి, "ఇట్రా," అని పక్కన చోటు చూపించింది. వెళ్ళి కూర్చున్నాను.

ఆవిడకి ఒక చెల్లెలు. ఇందిర. ఇద్దరినీ ఒకే ఊళ్ళో ఇచ్చారు, నాలుగు వీధుల తేడా. చిన్నప్పుడు కల్లంలో తొడిమలు తీసేటప్పుడు ఈ అక్కాచెల్లెళ్ళే నవల చదివేవారు. ఇరవై పేజీలు అక్క చదివితే గొంతు నొప్పి పుట్టి పుస్తకం చెల్లెలికిచ్చేది. ఇరవై ఒకటి నుంచి చెల్లెలి వంతు.

మాటలు పోయింది మిరప నారు దగ్గర. పద్మావతిగారి భర్త నారు పోశాడు. తన చేనుకి పోగా మిగిలింది తోడల్లుడికిచ్చాడు. ఆ ఏడు ఈయన చేను విరగ కాసింది. ఆయన చేను నడుమెత్తు పెరిగి ఆకు ముడుచుకుంది, కాయ లేదు. మంచి నారు నువ్వుంచుకుని పనికిరానిది నాకంటగట్టావని ఆయన, చేను చేసుకోవడం చేతకాక నా మీద పడతావేమని ఈయన. గట్టు మీద ఇద్దరూ కొట్టుకోబోయారు. ఆ రోజునుంచీ రెండిళ్ళకీ రాకపోకల్లేవు. ఎవరి మొగుడి వైపు వాళ్ళు నిలబడ్డారు. పెళ్ళిళ్ళలో ఎదురుపడ్డా మొహాలు తిప్పుకునేవారు.

"మరి ఫోను చెయ్యొచ్చుగా?" అన్నాను.

"ఫోనైతే ఎవురో ఒకళ్ళు ముందు చెయ్యాలి గదా," అంది. "ముందు చేసినోళ్ళు తగ్గినట్టే. చుక్కకి ఆ బాధ లేదు."

చెల్లెలు శనివారం వచ్చేది. అక్క చదివిన బైండులో ఇరవై ఒకటో పేజీలో పసుపు చుక్క చూసేది. తను చదివాక ఆ చుక్క మధ్యలో సూదితో ఒక పోటు. అక్క మళ్ళీ వచ్చి ఆ పేజీ కిటికీ వెలుగుకి పట్టి చూస్తే చుక్కలో సన్నగా వెలుగు కనపడేది. ఎవరూ నేర్పలేదు, ఎవరూ ఒప్పందం చేసుకోలేదు. ఏడెనిమిదేళ్ళుగా అలా నడుస్తోంది, నా బోర్డు కింద, నా రబ్బరు కింద.

"దానికి గర్భసంచి ఆపరేషన్ అయిందంట గుంటూరులో. జనం చెప్తే విన్నా. పోను పోలేను. ఇంటికొచ్చిందని తెలిసింది గానీ ఎట్టా ఉందో తెలవదు. లేచి తిరగతంటే పుస్తకానికి వస్తది గదా. నేను చివరాకర పెట్టిన చుక్క దీపావళి బైండులో ఉంది. దాంట్లో పోటు పడిందేమో చూద్దామని వచ్చినా."

ఆ బైండు గోనెసంచిలో ఉంది. నేనే కట్టాను.

శుక్రవారం మాకు సెలవు. ఆ శుక్రవారం గుంటూరు వెళ్ళాను. స్టోరు వాచ్‌మన్ గేటు సగమే తీశాడు.

"మేడం, ఇయ్యాళ సెలవండీ."

"సెలవు కాబట్టే వచ్చాను. పనిరోజుల్లో మీ దగ్గర మనుషులెక్కడుంటారు?"

"ఆ సంచులు రేపోమాపో కాగితాల మిల్లుకెళ్తాయి. మీరే గదండీ పనికిరావని రాశారు?"

"రాశాను. తప్పు రాశాను. తియ్యి."

ఇరవై సంచులున్నాయి, అన్ని ఊళ్ళవీ. పొద్దున్న మొదలుపెడితే మధ్యాహ్నానికి మా సంచి దొరికింది. వాచ్‌మన్ చివరికి జాలిపడి తనూ విప్పాడు. "ఏం పుస్తకమండీ అంత గొప్పది?" అని అడిగాడు. పక్కింటి పొగరుబోతు, కాకరపువ్వొత్తి అని చెప్పాను. "ఓస్," అన్నాడు.

ఇరవై ఒకటో పేజీ తీసి తలుపు వైపు పట్టాను. చుక్క మధ్యలో వెలుగుంది.

రెండో తప్పు

ఇక్కడ ఆపేస్తే బాగుండేది. పండగ నవలైతే ఇక్కడే ఆగేది, ఆ వారమే ఏదో పండగ కూడా వచ్చేది.

మంగళవారం పద్మావతిగారు కిటికీ దగ్గర నిలబడి ఆ పేజీ చాలాసేపు చూసింది. "లేచి తిరగతందన్న మాట," అంది. కొత్త బైండు ఒకటి తీసుకెళ్ళింది. తర్వాతి మంగళవారం తెచ్చిచ్చి, "ఇది దానికి అందేట్టు చూడు. నువ్వేం మాట్లాడబాకు," అంది.

నేను మాట్లాడాను.

శనివారం ఇందిరగారు వచ్చింది. చిక్కిపోయి ఉంది. నెమ్మదిగా మెట్లెక్కింది. ఆ బైండు చేతిలో పెట్టి ఊరుకోవాల్సిందా, ఊరుకోలేదు. ఇద్దరు ఆడవాళ్ళు నాలుగు వీధుల దూరంలో ఉండి సూదిపోట్లతో పలకరించుకోవడమేమిటని నాకు లోపల ఉడికిపోతోంది. నేను పూనుకుంటే పది నిమిషాల్లో తేలిపోతుందనుకున్నాను.

"మీ అక్కగారు మీ గురించి చాలా కంగారు పడుతున్నారండీ. ఒక్కసారి వెళ్ళి పలకరించకూడదూ? నారు పోతే పోయింది, మనిషి పోలేదుగా."

ఆవిడ మొహం మారింది. "నారు సంగతి మీకెవరు చెప్పారు?"

నేను రిజిస్టరు దగ్గరికి లాక్కున్నాను.

"ఆవిడ పంపించిందా మిమ్మల్ని, రాయబారానికి? ఊళ్ళో అందరికీ చెప్పుకుంటందా, నేను తప్పు చేసినట్టు?"

"పంపలేదండీ, నేనే..."

"మీరెవరండీ మధ్యన? పుస్తకాలియ్యడం మీ పని. ఇయ్యండి, పుచ్చుకోండి. మా ఇళ్ళలో దూరతారా?"

బైండు బల్ల మీద పెట్టింది. సభ్యత్వ కార్డు కూడా దాని మీద పెట్టింది. మెట్లు దిగేటప్పుడు ఒక చెయ్యి పొట్ట మీద పెట్టుకుని దిగింది. మళ్ళీ రాలేదు.

ఆ మంగళవారం పద్మావతిగారికి జరిగిందంతా చెప్పాను. తిట్టలేదు. "మాట్లాడబాకన్నా గదా," అంది. అంతే. ఆ తర్వాత కూడా వస్తూనే ఉంది. ప్రతి బైండులో చుక్క పెట్టింది. ప్రతి మంగళవారం పాతవి తీసి కిటికీ దగ్గర చూసింది. చుక్కలన్నీ మూసుకునే ఉన్నాయి. చూసి, అరలో పెట్టి, కొత్తది తీసుకుని పోయేది. నా వైపు నిష్ఠూరంగా ఒక్కసారి కూడా చూడలేదు. చూస్తే నాకు తేలికగా ఉండేది.

బోర్డు నేనే ఊడపీకించాను. రబ్బరు సొరుగులో పడేశాను. ఒకసారి సూది కూడా చేతిలోకి తీసుకున్నాను, దాచడమెందుకు. పద్మావతిగారు రావడానికి గంట ముందు, ఇరవై ఒకటో పేజీ తీసి. ఒక్క పోటు. ఆవిడ ఆ రోజు సంతోషంగా ఇంటికెళ్ళేది. సూది మొన చుక్క మీద ఆనించి, తీసేశాను. ఒకసారి నోటితో చెడగొట్టాను, ఇప్పుడు చేత్తో అబద్ధమాడటమా అనిపించింది.

కొత్తగా వచ్చేవాళ్ళకి నేను చెప్పేది ఇది. ఎవరికి ఏ పుస్తకం కావాలో కనుక్కోండి. ఎందుకు కావాలో మీకు తెలిసిపోయినా నోరు మూసుకోండి. పాఠకులు ఆ పుస్తకంతో ఏం చేసుకుంటారో అది వాళ్ళ సొంతం. చెయ్యి కడుక్కుని రమ్మనండి, చింపితే కోప్పడండి. అంతకుమించి మనకి హక్కు లేదు. ఇంకొకటి, ఏ పుస్తకాన్నయినా పనికిరానిదని రాసేముందు దాన్ని ఒకసారి వెలుగుకి పట్టి చూడండి. నేనిది అలంకారానికి అనడం లేదు. నిజంగా పేజీ ఎత్తి పట్టుకోమంటున్నాను.

ఆఖరి లెక్కింపు

నేను విరమించుకునే ముందు పుస్తకాలన్నీ ఒకసారి లెక్కచూసి అప్పగించాలి. ఇందిరగారు మానేసి అప్పటికి ఆరేళ్ళు దాటింది. అనుబంధ నవలలూ తగ్గిపోయాయి. చాలామంది ఫోనులోనే చదువుకుంటున్నారు. వాళ్ళు గుర్తు ఎక్కడ పెట్టుకుంటారో నాకు తెలీదు. పండగ నవలల అర దగ్గరికి వచ్చేసరికి అలవాటు కొద్దీ ఒక్కో బైండూ ఇరవై ఒకటో పేజీ తీసి కిటికీ వైపు పట్టాను. మూసిన చుక్క. మూసిన చుక్క. మూసిన చుక్క.

అరలో చివరి బైండు వినాయక చవితి నవలలది. అందులో చుక్క మధ్యలో వెలుగు కనపడింది.

రిజిస్టరు తీశాను. ఆ బైండు పద్మావతిగారి తర్వాత తీసుకున్నది ఒక్కతే, ప్రైవేటు ఆస్పత్రిలో నర్సుగా చేసే ఒకమ్మాయి. ఇందిరగారి వీధిలోనే అద్దెకుంటుంది. ఆ అమ్మాయిని అడిగాను, ఈసారి జాగ్రత్తగా, ఏమీ బయటపెట్టకుండా.

"చదివి టీపాయ్ మీద పడేశానండీ. మా ఇంటికి వీధి వీధంతా వస్తారు, బీపీ చూపించుకోడానికి. ఎవరు తిరగేశారో నాకేం తెలుసు మేడం? ఏం, చిరిగిందా?"

"లేదమ్మా. బాగానే ఉంది."

మంగళవారం పద్మావతిగారు వచ్చింది. ఇప్పుడు నిజంగానే చూపు తగ్గింది. నేనేమీ అనలేదు. ఆ బైండు తీసి బల్ల మీద పెట్టాను, అంతే. ఆవిడ నా మొహం చూసి, బైండు పట్టుకుని కిటికీ దగ్గరికి వెళ్ళింది. పేజీ ఎత్తింది. కళ్ళకి బాగా దగ్గరగా పెట్టుకుంది. తర్వాత వేలి కొసతో తడిమి చూసుకుంది.

బల్ల దగ్గరికి వచ్చి గొంతు తగ్గించి అడిగింది. "ఇది నువ్వు పొడిచింది కాదు గదా?"

"కాదండీ."

"ఒట్టు?"

"ఒట్టండీ. ఒకసారి పొడుద్దామనుకున్నాను. పొడవలేదు."

ఆవిడ నన్ను తేరిపార చూసింది. "నీకు నోరే గానీ అబద్ధం చాతకాదులే," అంది. "దీన్ని నా పేరున రాయి. మళ్ళీ చదువుతా."

"చదివేశారుగా."

"ఇరవై ఒకటి నుంచి చదువుతా."

రాశాను. ఆ ఉద్యోగంలో నేను రాసిన చివరి పద్దుల్లో అదొకటి. నేను వచ్చేశాక వాళ్ళు కలిశారో లేదో తెలీదు. ఆ ఊరు బస్సులో ముప్పావు గంట. వెళ్ళి అడగొచ్చు. అడగను, ఒకసారి అడిగి చూశాను కదా.

అయినా ఒక అనుమానం నన్ను వదలదు. ఆ బైండు నర్సమ్మాయి తీసుకెళ్ళకముందు వారం రోజులు పద్మావతిగారి ఇంట్లోనే ఉంది. ఆవిడింట్లోనూ సూదులుంటాయి. తనే పొడుచుకుని, నేను పట్టుకుంటానేమోనని నన్నే ఒట్టు వెయ్యమందా? లేక నాలుగు వీధుల అవతల, బీపీ చూపించుకోవడానికి వచ్చిన ఒక మనిషి టీపాయ్ మీద పుస్తకం చూసి, ఎవరూ చూడనప్పుడు కొంగుకున్న పిన్ను తీసిందా?

ఇందిరగారూ, ఇది మీ కంటపడితే మీ ఇళ్ళ సంగతి ఒక్క ముక్క కూడా అడగను. ఒక్కటే చెప్పండి: ఆ పోటు మీదేనా?